చిన్న సంస్థ లెక్కలు: ఏళ్లను పక్కపక్కన పెట్టి చదవడం ఎలా

మా సొసైటీ ఊళ్లో పిల్లలకు సాయంత్రం ట్యూషన్లు చెబుతుంది, ఒక గదిలో గ్రంథాలయం నడుపుతుంది. దానికి పదకొండేళ్లు కోశాధికారిగా చేశాను. బాధ్యత అప్పగించిన రోజు నా చేతికి ఒక గుడ్డసంచి ఇచ్చారు. అందులో రసీదు పుస్తకాలు, రెండు పాస్‌బుక్కులు, ఆడిటర్ సంతకం పెట్టిన కాగితాల కట్ట ఉన్నాయి. ఏ ఏడాది లెక్క ఆ ఏడాదికి పైసాతో సహా కలిసింది. అయినా మొదటి సమావేశంలోనే ఒకరు "వచ్చే ఏడాది కూడా టీచర్లందరికీ జీతాలు ఇవ్వగలమా?" అని అడిగితే, ఆ కట్టంతా తిరగేసినా నాకు జవాబు దొరకలేదు.

అలాంటి ప్రశ్నకు జవాబు కావాలంటే కనీసం ఐదేళ్ల లెక్కలు ఒకే కాగితం మీదికి రావాలి. మీ సంస్థ ఏడాదికి రెండు లక్షలతో నడిచినా, ఇరవై లక్షలతో నడిచినా పద్ధతి ఇదే. అకౌంటెన్సీ చదివి ఉండక్కర్లేదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు. రెండు ఆదివారాలు మాత్రం తీరిక చేసుకోండి.

కాగితాలు సమకూర్చుకోండి

ఐదేళ్ల ఆడిట్ కాగితాలు, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు ప్రతి ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు, రసీదుల కౌంటర్ ఫాయిళ్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, మినిట్స్ బుక్, పెద్ద విరాళాలు ఇచ్చినవారు రాసిన ఉత్తరాలు. వాట్సాప్‌లో "ఈ డబ్బు ఫలానా పనికి" అని వచ్చిన సందేశాలుంటే వాటినీ ప్రింటు తీసి పెట్టుకోండి, అవి తర్వాత చాలా అవసరపడతాయి. ఏదైనా ఏడాది కాగితాలు దొరకకపోతే బ్యాంకుకు అర్జీ పెట్టి పాత స్టేట్‌మెంటు తెచ్చుకోండి, ఆడిటర్ దగ్గర కాపీ ఉందేమో అడగండి. పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు లెక్కల పుస్తకాలను పదేళ్లు భద్రపరచాలని ఆదాయపు పన్ను నిబంధనల్లోనే ఉంది. కొత్త కమిటీ వచ్చిందని పాత పుస్తకాలు పారేయకండి.

ఆడిటర్ ఇచ్చే కట్టలో సాధారణంగా మూడు పట్టీలుంటాయి: వసూళ్లు–చెల్లింపులు, ఆదాయ వ్యయాలు, ఆస్తి అప్పులు. మనం మొదటిదానితో పని మొదలుపెడదాం, అది అందరికీ అర్థమవుతుంది. అయితే అందులో ఒక చిక్కుంది. డిపాజిట్ గడువు తీరి డబ్బు ఖాతాలో పడితే అది వసూళ్ల వైపు కనిపిస్తుంది. అది రాబడి కాదు, మీ డబ్బే ఒక జేబులోంచి ఇంకో జేబులోకి వచ్చింది. తిరిగొచ్చిన అడ్వాన్సులు, తీసుకున్న అప్పులు కూడా అంతే. వీటన్నిటినీ ముందే తీసేయండి.

ఒక్క కాగితం మీదికి తెండి

ఎక్సెల్ వస్తే సరే, రాకపోతే పెద్ద నోట్‌బుక్కులో రెండు పేజీలు అడ్డంగా వాడండి. ఏడాదికో నిలువు వరుస. ఎడమ పక్క పద్దులు రాయండి. రాబడి వైపు ఐదారు పద్దులు (సభ్యత్వ చందాలు, చిన్న విరాళాలు, పెద్ద విరాళాలు, గ్రాంట్లు, వడ్డీ), ఖర్చు వైపు ఏడెనిమిది పద్దులు సరిపోతాయి. ముప్ఫై పద్దులు పెడితే ఏదీ కనిపించదు. ఒకే ఖర్చును ఒక ఏడాది "రవాణా" అని, ఇంకో ఏడాది "ఇతరములు" అని రాసి ఉంటారు. అలాంటివి వోచర్లు చూసి ఒకే పద్దులోకి తెండి. "ఇతరములు" మొత్తం ఖర్చులో పదో వంతు దాటిందంటే దాన్ని విడగొట్టి తీరాలి.

ఉదాహరణకు మాలాంటి సంస్థ ఒకటి అనుకుందాం. 2019 ఏప్రిల్ 1న బ్యాంకులో రూ.2,40,000 ఉన్నాయి.

2019-20: రాబడి 6,10,000, ఖర్చు 5,40,000
2020-21: రాబడి 3,20,000, ఖర్చు 4,10,000
2021-22: రాబడి 9,80,000, ఖర్చు 5,60,000
2022-23: రాబడి 5,70,000, ఖర్చు 9,65,000
2023-24: రాబడి 6,20,000, ఖర్చు 6,35,000

కరోనా ఏడాది పడిపోయారు, మరుసటి ఏడు అద్భుతంగా లేచారు, ఆ తర్వాత ఎవరో విచ్చలవిడిగా ఖర్చు పెట్టేశారు. పైపైన చూస్తే ఎవరికైనా ఇలాగే అనిపిస్తుంది. 2022-23 సర్వసభ్య సమావేశంలో దాదాపు నాలుగు లక్షల లోటు చదివినప్పుడు కోశాధికారిని నిలదీసే మనుషులు కూడా ఉంటారు. నిజం వేరు. అది తెలియాలంటే తర్వాతి పని చేయాలి. నా మట్టుకు ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా విలువైన పని అదే.

ఏ డబ్బు ఎవరిదో విడదీయండి

సంస్థ ఖాతాలో ఉన్న డబ్బంతా సంస్థ ఇష్టానికి ఖర్చు పెట్టుకునేది కాదు. మూడు రంగుల పెన్నులు తీసుకుని ప్రతి పెద్ద జమ పక్కన గుర్తు పెట్టండి. ఏ షరతూ లేకుండా ఇచ్చింది పచ్చ. ఫలానా పనికే అని చెప్పి ఇచ్చింది నీలం. అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే వాడమన్నది, అంటే కార్పస్ అనే మూలనిధి, ఎరుపు.

పై ఉదాహరణలో 2021-22లో వచ్చిన 9,80,000లో 4,00,000 ఒక కుటుంబం గ్రంథాలయానికి గది కట్టమని ఇచ్చింది. మరుసటి ఏడు ఆ నాలుగు లక్షలూ గదికే అయ్యాయి. అంతకు చాలా ముందే ఒకరు తల్లి జ్ఞాపకార్థం ఏటా ఇద్దరు పిల్లలకు ఫీజులు కట్టమని లక్ష రూపాయలు మూలనిధిగా ఇచ్చి ఉన్నారు. మొదట్లో ఉన్న 2,40,000లో ఆ లక్ష కలిసి ఉంది.

ఇప్పుడు గది డబ్బును రెండు వైపులా తీసేసి చూడండి. 2021-22లో మామూలు రాబడి 5,80,000, మామూలు ఖర్చు 5,60,000. 2022-23లో 5,70,000, 5,65,000. అద్భుతమూ లేదు, ప్రళయమూ లేదు. 2022 మార్చి 31న పాస్‌బుక్కులో రూ.6,40,000 ఉన్నా, గదికి నాలుగు లక్షలు, మూలనిధి లక్ష పోగా సంస్థ చేతిలో ఉన్నది 1,40,000 మాత్రమే. ఆ రోజు పాస్‌బుక్కు చూసి ఇంకో టీచర్‌ను పెట్టుకున్న సంస్థ ఏడాది తిరగకుండా గది డబ్బులోంచి జీతాలు ఇస్తూ ఉంటుంది. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేకుండానే ఇది జరిగిపోతుంది. దాత వచ్చి గది ఏదని అడిగే రోజు వరకు ఎవరికీ తెలియదు కూడా.

అందుకే నీలం, ఎరుపు డబ్బులను వేరే ఖాతాలోగానీ వేరే డిపాజిట్‌గాగానీ ఉంచండి. ఖాతా ఒక్కటే ఉంటే ప్రతి నెలాఖరున క్యాష్ బుక్‌లో నిల్వ కింద "ఇందులో ఫలానా వారి గది డబ్బు ఇంత" అని ఒక వరుస రాయండి. ఈ అలవాటు ఒక్కటి చేసుకున్నా ఈ వ్యాసం చదివినందుకు ఫలితం దక్కినట్టే.

చేబదుళ్ల సంగతి

పాత లెక్కలు తవ్వితే దాదాపు ప్రతి చిన్న సంస్థలోనూ ఇది బయటపడుతుంది. ఖాతాలో డబ్బు లేని నెలలో కార్యదర్శి తన జేబులోంచి జీతాలు ఇస్తారు. ఎక్కడా రాయరు. ఆర్నెల్ల తర్వాత డబ్బు వచ్చినప్పుడు తీసుకుంటారు, లేదా మొహమాటంతో వదిలేస్తారు. మనిషి మంచితనం వల్ల సంస్థ నిలబడింది, అందులో సందేహం లేదు. లెక్కలో మాత్రం ఆ లోటు కనిపించకుండా పోయింది. ఆయన ఆరోగ్యం దెబ్బతిన్న ఏడాదే సంస్థ అసలు ఖర్చెంతో అందరికీ తెలుస్తుంది. మా దగ్గరా అలాగే తెలిసింది.

ఇచ్చిన రోజే రాయండి: అప్పా, విరాళమా? అప్పయితే కమిటీ తీర్మానం, తిరిగి ఇచ్చేటప్పుడు బ్యాంకు ద్వారా చెల్లింపు. విరాళమైతే రసీదు. ఇంటి గదిని ఉచితంగా ఇచ్చినా, ఆటో కిరాయి తామే భరించినా కాగితం చివర "లెక్కలోకి రాని సాయం" అని ఒక అంచనా రాసి పెట్టండి. రేపు ఆ మనిషి లేకపోతే ఎంత భారం మీద పడుతుందో కమిటీకి తెలియాలి.

ఇక సంస్థ నుంచి వ్యవస్థాపకులకు, కమిటీ సభ్యులకు, వారి బంధువులకు చేబదుళ్లు ఇవ్వడం అసలు వద్దు. పన్ను మినహాయింపే పోయే ప్రమాదముంది. సంస్థ డబ్బును ఎక్కడ దాచాలో కూడా చట్టం ఒక జాబితా ఇచ్చింది: షెడ్యూల్డ్ బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్లు వంటివి. మన ఊళ్లలో అలవాటైన చిట్టీలు ఆ జాబితాలో లేవు. పాట పాడి ఎక్కువ డివిడెండు తెస్తానని ఎంత నమ్మకస్తులు చెప్పినా ఒప్పుకోకండి.

ఎన్ని నెలలు నడపగలమో లెక్కేయండి

స్వేచ్ఛగా వాడుకోగల డబ్బును నెలసరి మామూలు ఖర్చుతో భాగించండి. మన ఉదాహరణలో 2020 మార్చికి చేతిలో 2,10,000, నెల ఖర్చు 45,000, అంటే నాలుగున్నర నెలల పైచిలుకు. 2024 మార్చికి 1,30,000 ఉంది, నెల ఖర్చు దాదాపు 53,000. రెండున్నర నెలలు కూడా నిండదు. పాస్‌బుక్కులో మాత్రం 2,30,000 కనిపిస్తోంది, అప్పటి 3,10,000తో పోలిస్తే ఎవరికీ పెద్ద గాబరా పుట్టదు. ఈ నెలల అంకెను ఏటా ఒకే చోట రాస్తూ పోండి. జూన్ నుంచి మార్చి దాకా పిల్లలతో నడిచే సంస్థకు కనీసం ఆరు నెలలు ఉండాలన్నది నా అభిప్రాయం. ఎందుకంటే మధ్యలో ఆపేస్తే ఆ పిల్లలకు ఆ విద్యా సంవత్సరం పోతుంది.

తర్వాత ముందుకు చూడండి. నాలుగేళ్లలో మామూలు ఖర్చు 5,40,000 నుంచి 6,35,000కు పెరిగింది, ఏడాదికి ఇంచుమించు 24,000. రాబడి 6,10,000 నుంచి 6,20,000కు, ఏడాదికి 2,500. ఇదే నడక కొనసాగితే 2024-25లో 36,500 లోటు, మరుసటి ఏడు 58,000 లోటు. ఆ రెండూ పోగా మిగిలేది 35,500. మూడో ఏడు లోటు 79,500. అంటే మూడో ఏడు దసరా నాటికి చేతిలో ఏమీ ఉండదు. ఎవరి తప్పూ లేదు, అనవసర ఖర్చూ లేదు. కరెంటు బిల్లు, అద్దె, టీచర్ల జీతాలు పెరుగుతుంటాయి, పెరగాలి కూడా. రాబడి పెరగకపోవడమే జబ్బు. ఈ సంగతి మూడేళ్ల ముందు తెలిస్తే చేయగలిగినవి చాలా ఉన్నాయి.

ఈ అంచనాలో ఏటా రాని ఖర్చులను మరిచిపోకండి. కంప్యూటర్లు ఐదారేళ్లకు మార్చాలి, గదికి సున్నం వేయించాలి, పైకప్పు కారుతుంది, రిజిస్ట్రేషన్ల పునరుద్ధరణకు ఆడిటర్ ఫీజు పడుతుంది. అన్నీ కూడి ఐదుతో భాగించి, ఏటా అంత పక్కన పెట్టండి.

దాతలను పేరుపేరునా చూడండి

మొత్తం ఎంత వచ్చిందన్నది తర్వాత. కిందటేడు ఇచ్చినవాళ్లలో ఈ ఏడు మళ్లీ ఎందరిచ్చారో లెక్కపెట్టండి. కౌంటర్ ఫాయిళ్లు ముందేసుకుంటే ఒక పూటలో అయిపోతుంది. తిరిగి ఇవ్వనివారికి ఫోన్ చేస్తే చాలాసార్లు వినిపించే మాట "మీరు అడగలేదుగా" అని. రాబడిలో మూడో వంతుకు మించి ఒకే ఇంటి నుంచి వస్తుంటే కాగితం మీద ఎర్ర చుక్క పెట్టండి. ఆ ఇంట్లో ఒక పెళ్లి కుదిరినా, వ్యాపారం మందగించినా మీ బడి ఆగుతుంది. నెలకు మూడు వందలు ఇచ్చేవాళ్లు యాభై మంది ఉంటే ఏడాదికి 1,80,000. ఆ డబ్బు పచ్చ రంగుది, పైగా ఒక్కసారిగా మాయం కాదు.

పుస్తకాలు కొనిస్తాం, బెంచీలు చేయిస్తాం, జీతాలకు మాత్రం ఇవ్వం అనేవాళ్లు ఉంటారు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి అంటే ఎలా కుదురుతుంది? వాళ్లకు కోపగించుకోకుండా మీ కాగితం చూపించండి. బెంచీ మీద కూర్చున్న పిల్లాడికి పాఠం చెప్పడానికి నెలకు ఎంతవుతుందో అంకెల్లో చూశాక మనసు మార్చుకున్నవాళ్లను నేను చూశాను.

80జీ రసీదు, అంటే దాతకు తన పన్నులో మినహాయింపు తెచ్చే రసీదు, ఇస్తాం కాబట్టి దాతలు వస్తారని మరీ ఆశపడకండి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపు వర్తించదు. పాత విధానంలో ఉన్నవారికైనా రూ.2,000కు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు.

అమెరికాలోనో ఇంకో దేశంలోనో ఉన్న మన ఊరివాళ్లు ఇచ్చే డబ్బు విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. భారత పాస్‌పోర్టే ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకు మూడేళ్ల వయసుండాలి, గత మూడేళ్లలో తన పనుల మీద రూ.15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. కాబట్టి డబ్బు తీసుకోకముందే ఏ పాస్‌పోర్టు అని అడగండి. మన పక్కింటి అబ్బాయే కదా అని మొహమాటపడొద్దు. వేరొకరి ఖాతా మీదుగా తిప్పే ఉపాయాలు ఎవరు చెప్పినా వినకండి.

పన్ను తేదీలు

ఇక్కడ చెప్పే నంబర్లు 1961 చట్టంలోవి. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. దానితో సెక్షన్ల, ఫారాల నంబర్లు మారతాయి కనుక ఆడిటర్‌ను అడిగి పక్కన కొత్తవి రాసుకోండి.

12ఏబీ రిజిస్ట్రేషన్, అంటే సంస్థ రాబడికి పన్ను మినహాయింపు ఇచ్చే నమోదు, ఉన్న సంస్థ ఏటా రాబడిలో 85 శాతం తన ఆశయాల మీద ఖర్చు చేయాలి. మన ఉదాహరణలో గది డబ్బు వచ్చిన ఏడాది చూడండి: 9,80,000లో 85 శాతం 8,33,000, ఖర్చయింది 5,60,000. దీనికి రెండు దారులున్నాయి. దాత ఇది మూలనిధికే అని రాసిచ్చి ఉంటే (పన్ను లెక్కలో గది కట్టడానికి ఇచ్చిన డబ్బునూ ఇలా రాసివ్వవచ్చు), దాన్ని చట్టం చెప్పిన డిపాజిట్లలో విడిగా ఉంచితే ఆ నాలుగు లక్షలు లెక్కలోంచి బయటికి పోతాయి. మిగిలిన 5,80,000కు 85 శాతం 4,93,000 కాబట్టి చిక్కు లేదు. ఈ దారిలో మూలనిధి నుంచి కట్టిన గది ఖర్చు మరుసటి ఏడు 85 శాతం లెక్కలోకి రాదని గుర్తుంచుకోండి. అలాంటి ఉత్తరం లేకపోతే ఫారం 10 వేసి, ఫలానా పనికి ఐదేళ్లలోపు వాడతామని చెప్పి పక్కన పెట్టాలి. విరాళం అందిన రోజే ఉత్తరం తీసుకోండి. ఏడాది చివర్లో వెళ్లి అడగడం ఇద్దరికీ ఇబ్బంది.

ఒకే రోజు ఒకే వ్యక్తికి రూ.10,000 మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చు 85 శాతం లెక్కలోకి రాదు. మేస్త్రీకైనా, ఫర్నిచర్ షాపుకైనా బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

తేదీలు గోడకు అంటించండి: దాతల వివరాలతో ఫారం 10బీడీ మే 31, వారికి 10బీఈ సర్టిఫికెట్లు కూడా ఆలోపే, ఆలస్యమైతే రోజుకు రూ.200 రుసుము. ఫారం 10కు ఆగస్టు 31, ఆడిట్ నివేదికకు సెప్టెంబరు 30, సంస్థ పన్ను రిటర్ను ఐటీఆర్-7కు అక్టోబరు 31. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నవారికి వార్షిక నివేదిక ఎఫ్‌సీ-4 డిసెంబరు 31. 12ఏబీ గడువు ముగియడానికి ఆరు నెలల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. ఇది ఐదేళ్లకు ఇచ్చేవారు. 2025 ఏప్రిల్ నుంచి, దరఖాస్తుకు ముందు రెండేళ్లలో ఏ ఏడాదీ రాబడి రూ.5 కోట్లు దాటని సంస్థలకు పదేళ్లకు ఇస్తున్నారు. సొసైటీల రిజిస్ట్రార్‌కు ఏటా కొత్త కమిటీ జాబితా ఇవ్వడం కూడా ఈ పట్టికలోనే రాయండి.

కమిటీ ముందు పెట్టండి

ఈ కాగితాన్ని మూడు నెలలకోసారి కమిటీ సమావేశంలో చదవండి. మూడు అంకెలు చాలు: స్వేచ్ఛగా వాడుకోగల డబ్బు ఎంత, అది ఎన్ని నెలలకు వస్తుంది, దాతల షరతుల కింద ఉన్న డబ్బు ఎంత. మినిట్స్‌లో రాయించండి. సర్వసభ్య సమావేశానికి ఐదేళ్ల కాగితం జిరాక్సులు తీసి అందరికీ పంచండి. అంకెలు చదవలేని పెద్దవాళ్లుంటే నోటితో చెప్పండి. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే హక్కు ఉంది.

మీరు దిగిపోయే రోజుకు కూడా సిద్ధం కావాలి. పాన్ కార్డు, 12ఏబీ, 80జీ ఉత్తర్వులు, బైలాలు ఒక ఫైలులో పెట్టండి. ఆదాయపు పన్ను పోర్టల్ పాస్‌వర్డును సీలు చేసిన కవరులో అధ్యక్షుల దగ్గర ఉంచండి. పోర్టల్‌లోనూ బ్యాంకులోనూ నమోదైన ఫోన్ నంబరు ఎవరిదో చూడండి. చాలా చోట్ల అది ఎప్పుడో మానేసిన కార్యదర్శిది అయి ఉంటుంది, ఓటీపీ ఆయనకే పోతుంది. కమిటీ మారిన వెంటనే తీర్మానం కాపీ తీసుకుని బ్యాంకులో సంతకాలు, పోర్టల్‌లో నంబరు మార్పించండి. కొత్త కోశాధికారి పక్కన కూర్చుని ఒక ఏప్రిల్ నుంచి జూన్ దాకా క్యాష్ బుక్ కలిసి రాయండి, మే 31 ఫారం ఆ అమ్మాయి చేతో అబ్బాయి చేతో వేయించండి. ఆ తర్వాతే సంచి అప్పగించండి.